నిమ్మళించిందనుకున్న ఊపిరి: పాము కాటు పడ్డ ఒక కుక్క కేసు

ఈ కుక్క బతికింది. అయినా ఈ కేస్ షీట్ తీసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. ఒకే రోజు, ఒకే కుక్క దగ్గర, ఊపిరి లెక్కను నేను రెండుసార్లు తప్పుగా చదివాను. పొద్దున ఊపిరి నెమ్మదిస్తే కోలుకుంటోందని రాసుకున్నాను. మధ్యాహ్నం ఊపిరి తీయకపోతే విషం ఇంకా దిగలేదని నమ్మాను. రెండుసార్లూ అసలు సంగతి కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఉంది. చిన్న ఊళ్ళలో ప్రాక్టీసు చేసే తోటి పశువైద్యులకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. కుక్క తాలూకు మనుషుల్ని, ఊరిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

నెల్లూరు జిల్లాలో పనిచేసేవాళ్ళకి కుక్క గబగబా ఊపిరి తీయడం వింత కాదు. రోహిణి కార్తెలో మా వరండాలో కూర్చున్న ప్రతి కుక్కా నాలుక వేలాడేసి రొప్పుతూనే ఉంటుంది. మామూలుగా కూర్చున్న కుక్క నిమిషానికి 10 నుంచి 30 ఊపిరులు తీస్తే, రొప్పే కుక్క 200 నుంచి 400 దాకా తీస్తుంది. అన్ని తీసినా మొదట్లో దాని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెద్దగా పడిపోదు. ఆ గాలిలో ఎక్కువ భాగం ముక్కు, నోరు, గొంతు దాకా వెళ్ళి, అక్కడి తడిని ఆరబెట్టి, ఒంటి వేడిని మోసుకుని బయటికి వచ్చేస్తుంది. ఊపిరితిత్తుల లోపలి గాలిగదుల దాకా పోయేది తక్కువ. ఎండాకాలమంతా ఇది చూసీ చూసీ మాకు రెండు అలవాట్లు పడిపోతాయి. ఊపిరి వేగంగా ఉంటే కంగారు పడం. నెమ్మదిస్తే మంచిదే అనుకుంటాం. రెండో అలవాటు ఎంత ప్రమాదమో ఈ కేసుతో తెలిసింది.

ఇది జరిగింది కార్తీకంలో, రెండు రోజులు విడవకుండా వాన పడ్డాక. రొయ్యల చెరువుల గట్ల మీద నీళ్ళు నిలిస్తే ఎలుకలూ కప్పలూ మోటారు షెడ్డులోకి చేరతాయి, వాటి వెనకే పాములు. కుక్క నాటు క్రాస్, మగది, నాలుగేళ్ళది, బరువు 22 కిలోలు. అంతకుముందు జబ్బేమీ లేదు. తెల్లవారుజామున అయిదింటప్పుడు షెడ్డు వెనక ఆగకుండా మొరిగింది. అరగంట తర్వాత కాపలా ఆయన టార్చి వేసి చూస్తే గట్టు కింద పడుకుని ఉంది. లేపితే వెనక కాళ్ళు తడబడ్డాయి. పామును ఎవరూ చూడలేదు.

తెచ్చినప్పుడు

ఏడుంబావుకి ఆటోలో గోనెపట్టా మీద వేసుకుని తెచ్చారు. "డాక్టరమ్మా, పిలిస్తే కళ్ళతో చూస్తా ఉండాది గానీ తల ఎత్తలా" అన్నాడు కాపలా ఆయన. చలికి వణుకుతున్నాడు, కప్పుకున్న దుప్పటి మాత్రం కుక్క మీద ఉంది.

కనురెప్పలు వాలి ఉన్నాయి. నోటి నుంచి చొంగ, మింగే శక్తి తక్కువ. ఎడమ ముందుకాలి మీద వాపు, అందులో రెండు గాట్లు, ముట్టుకుంటే నొప్పి. గుండె నిమిషానికి 148. జ్వరం లేదు. ఊపిరి నిమిషానికి 52, నోరు మూసుకునే, పైపైన. నాలుక మీద పల్స్ ఆక్సీమీటర్ 92 శాతం చూపించింది. వాన పడే చల్లటి పొద్దున నోరు మూసుకుని 52 ఊపిరులు తీసే కుక్క ఎండకు రొప్పడం లేదన్నది స్పష్టమే.

గాజు పరీక్షనాళికలో రెండు మి.లీ. రక్తం కదపకుండా 20 నిమిషాలు ఉంచాను, గడ్డకట్టింది. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కాబట్టి అది అయ్యే అవకాశం తక్కువ. కట్లపాము కాటు దగ్గర వాపు దాదాపు ఉండదు, ఇక్కడ బాగా ఉంది. నాగుపాము అని నిర్ణయించుకున్నాను. మన దగ్గర దొరికే యాంటీవీనం (పాము విషానికి విరుగుడు) మన ప్రాంతపు నాలుగు ముఖ్యమైన విషపాములకీ కలిపి తయారైనదే కాబట్టి దాని వరకు ఏ పామైనా ఒకటే. నియోస్టిగ్మిన్ విషయంలో మాత్రం తేడా ఉంది. నాగుపాము విషం కండరం మీద నరం సందేశం అందుకునే చోటును మూసేస్తుంది. నియోస్టిగ్మిన్ అక్కడ ఎసిటైల్‌కోలిన్ (నరం సందేశాన్ని కండరానికి చేర్చే రసాయనం) పెరిగేలా చేస్తే, అది విషంతో పోటీపడి కొంత దారి తెరుచుకుంటుంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది కాబట్టి అక్కడ ఈ మందు అంతగా పనిచేయదు.

మొదట చేసింది, మొదటి తప్పు

సెలైన్‌లో రెండు వయల్స్ యాంటీవీనం మొదలుపెట్టి, నియోస్టిగ్మిన్ దుష్ప్రభావాలు రాకుండా ముందు అట్రోపిన్ ఇచ్చి, ఆ తర్వాత నియోస్టిగ్మిన్ ఇచ్చాం. ముఖానికి మాస్కు పెట్టి ఆక్సిజన్ తెరిచాం. పావుగంటలో కనురెప్పలు కొంచెం లేచాయి. ఆక్సీమీటర్ 98కి వచ్చింది. ఎనిమిదింటికి ఊపిరి 36. తొమ్మిదికి 24.

"ఇంక నిమ్మళించిండాదమ్మా" అన్నాడు కాపలా ఆయన. నా అసిస్టెంటు కూడా అదే మాట అన్నాడు. నేను కేస్ షీట్‌లో "శ్వాస మెరుగు" అని రాసి మిగతా రెండు వయల్స్ కలపమన్నాను.

ఆ మాట రాయడానికి నా దగ్గర ఇంకో ఆధారం కూడా ఉంది. ఆపరేషన్లప్పుడు వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచి గీతగా చూపించే చేతి క్యాప్నోగ్రాఫ్ గొట్టాన్ని మాస్కు కింద ముక్కు రంధ్రంలో కొద్దిగా దూర్చి చూశాను. వదిలే గాలిలో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) 31 మి.మీ. పాదరసం అని చూపించింది. కుక్కకు ఉండాల్సింది 35 నుంచి 45. ఇంకేం, బాగానే బయటికి పోతోంది అనుకున్నాను. అంకె చూశాను గానీ గీత చూడలేదు. సరిగ్గా వదిలిన ఊపిరిలో ఆ గీత నిలువుగా లేచి, పైన బల్లపరుపుగా నడిచి, కిందికి దిగుతుంది. ఆ బల్లపరుపు చివర ఉన్న అంకే ఊపిరితిత్తుల లోపలి గాలిది. ఈ కుక్క గీత చిన్న చీమల పుట్టలా లేచి పడిపోతోంది. అంటే గొట్టంలోకి వచ్చింది లోపలి గాలి కాదు. గొంతులో మిగిలిన గాలి, మాస్కులోంచి వచ్చే ఆక్సిజన్ కలిసిన మిశ్రమం. అలాంటి గీత మీద 31 ఉన్నా 15 ఉన్నా దానికి విలువ లేదు.

అనుమానం ఎక్కడ మొదలైంది

రెండో సెలైన్ మారుస్తూ కుక్క డొక్క మీద చెయ్యి వేశాను. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ, పొట్ట రెండూ కలిసి లేవాలి. దీనికి పొట్ట లేస్తుంటే ఛాతీ లోపలికి పీక్కుపోతోంది. పక్కటెముకల మధ్య కండరాలు చచ్చుబడి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం కండరం ఒక్కటే లాగుతోందన్నమాట. చిగుళ్ళు పొద్దుటికంటే ఎర్రగా, ఇటుక రంగులో ఉన్నాయి. అంతకుముందు అది రక్తప్రసరణ బాగుపడిన గుర్తు అనుకున్నాను. సీఓటూ పెరిగినా చర్మం, చిగుళ్ళ రక్తనాళాలు విప్పారి అలాగే ఎర్రబడతాయి. దూదిలోంచి ఒక పోగు లాగి, మాస్కు తీసి ముక్కు ముందు పట్టుకున్నాను. ఊపిరి వదిలినప్పుడు పోగు ఊగాలి. కాస్త వణికింది, అంతే.

అక్కడే నిలబడి చేసిన లెక్క ఇది. ఈ సైజు కుక్కకి ముక్కు నుంచి శ్వాసనాళం దాకా రక్తంతో వాయువుల మార్పిడి జరగని దారి సుమారు 120 మి.లీ. అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఊపిరికి 250 మి.లీ. చొప్పున నిమిషానికి 16 తీస్తే, ప్రతి ఊపిరిలో 130 మి.లీ. గాలిగదుల దాకా పోతుంది. నిమిషానికి 2,080 మి.లీ. పొద్దున ఇది తీసిన 52 ఊపిరులూ 150 మి.లీ. చొప్పున ఉంటే, లోపలికి పోయేది ఊపిరికి 30 మి.లీ., నిమిషానికి 1,560. మొత్తం కదిలిన గాలి దాదాపు రెట్టింపు, పనికొచ్చింది ముప్పావు వంతు. ఇప్పుడు లోతు పెరగకుండానే ఊపిరి 24కి దిగింది. అంటే 720. సీఓటూ బయటికి పోవడం ఈ అంకెను బట్టే ఉంటుంది. ఒంట్లో సీఓటూ తయారీ అంతే ఉండి, పోయేది మూడో వంతు అయితే, రక్తంలో అది పెరగక మానదు. 52 అనేది పోరాటం. 24 అనేది అలసట.

మరి 98 శాతం? ఆక్సీమీటర్ చెప్పేది ఆక్సిజన్ గురించే. మామూలు గాలి పీల్చే కుక్కలో సీఓటూ 70కి పెరిగితే గాలిగదుల్లో ఆక్సిజన్ పీడనం 60 చిల్లరకు పడిపోయి, ఆక్సీమీటర్ 90 దగ్గరికి దిగి గంట కొడుతుంది. పొద్దున 92 ఉన్నప్పుడు అది నిజమే చెప్పింది. నేను మాస్కు పెట్టగానే ఆ గంట మూగబోయింది. ఆక్సిజన్ ఇవ్వడం తప్పు కాదు, అది లేకపోతే తొమ్మిదిలోపే ప్రాణం పోయేదేమో. ఆక్సిజన్ పెట్టాక ఆక్సీమీటర్‌ను ఊపిరికి సాక్ష్యంగా తీసుకోవడమే నా తప్పు.

మా దగ్గర రక్తవాయువుల పరీక్ష లేదు. మెడ సిర నుంచి రక్తం తీసి, సిరంజికి మూతపెట్టి, ఐసులో ఉంచి మనుషుల ల్యాబ్‌కి పంపాను. ఫలితం కోసం ఆగాలా అన్నది తర్వాతి ప్రశ్న. ఆగుదామనే అనుకున్నాను, శ్వాసనాళంలోకి ట్యూబ్ వేస్తే గంటల తరబడి చేత్తో ఊపిరి ఇవ్వాలి, వెంటిలేటర్ లేదు, ఉన్నది ముగ్గురం. పది నిమిషాల్లో ఊపిరి 14కి దిగింది, పిలిస్తే చూసే కళ్ళు చూడటం మానేశాయి. 14 అంటే పుస్తకం ప్రకారం మామూలు అంకె. ఇంక ఆగలేదు. విషంతో కదలలేని కుక్కకి తెలివి ఉంటుంది కాబట్టి, కొద్ది మోతాదు ప్రొపోఫాల్ అనే మత్తుమందు ఇచ్చి ట్యూబ్ వేశాను. ట్యూబ్ చివర క్యాప్నోగ్రాఫ్ పెడితే మొదటిసారి బల్లపరుపు గీత వచ్చింది. దాని మీద 66.

ల్యాబ్ నుంచి ఫోను తర్వాత వచ్చింది. సిర రక్తంలో సీఓటూ 74, పీహెచ్ 7.11, అంటే రక్తం బాగా ఆమ్లంవైపు ఒరిగింది. సిరలో ధమని కంటే అయిదారు ఎక్కువే ఉంటుంది. అది తీసేసినా చాలా ఎక్కువ.

రెండో తప్పు

చేత్తో నొక్కే అంబు బ్యాగ్‌తో ఊపిరి ఇవ్వడం మొదలైంది. పావుగంటలో 66 కాస్తా 45కి వచ్చింది. అక్కడ ఆగి ఉండాలి. కంగారులో ఉన్న చెయ్యి నెమ్మదిగా నొక్కదు. మేం ముగ్గురం వంతులేసుకుని నిమిషానికి 25, 30 సార్లు నొక్కేశాం. పదకొండింటికి 27. పొద్దున ఎక్కువై భయపెట్టింది కదా, తక్కువుంటే మంచిదేలే అన్న భావన అందరిలోనూ ఉంది. కుక్క మాత్రం తనంతట తాను ఒక్క ఊపిరీ తీయడం లేదు.

పన్నెండున్నరకి వేళ్ళ మధ్య గిల్లితే కాలు వెనక్కి లాక్కుంది. కాపలా ఆయన పేరు పెట్టి పిలిస్తే తోక కొన నేల మీద కదిలింది. ఆయన మొహం చూడలేకపోయాను. ఊపిరి ఇంకా లేదు. విషం పూర్తిగా విరగలేదనుకుని ఇంకో రెండు వయల్స్ యాంటీవీనం, ఇంకో విడత నియోస్టిగ్మిన్ ఇచ్చాను. ఏ మార్పూ లేదు. ఆ రెండు వయల్స్ డబ్బు ఆయన చెరువు యజమాని దగ్గర జీతంలో ముందుగా తెచ్చాడు. అవి అక్కర్లేదని ఇప్పుడు అనుకుంటున్నాను, ఆ మాట ఆయనకు చెప్పాను కూడా.

ఎందుకు అక్కర్లేదో చెప్పాలి. నరానికీ కండరానికీ మధ్య దారి మూసుకుపోయినప్పుడు డయాఫ్రం మిగతా కండరాలకంటే మొండిగా నిలబడుతుంది. అందరికంటే చివర్లో పడిపోతుంది, ముందుగా లేస్తుంది. కాలు లాక్కుంటోంది, తోక కదులుతోంది, డయాఫ్రం మాత్రం కదలడం లేదంటే వరస తలకిందులైంది. అంటే దారి తెరుచుకునే ఉంది, ఆ దారిన సందేశమే రావడం లేదు. పొద్దున ఇచ్చిన కాస్త ప్రొపోఫాల్ ఇన్ని గంటలు ఉండదు. మరి మెదడు ఊపిరి తీయమని ఎందుకు చెప్పడం లేదు?

చెప్పాల్సిన అవసరం దానికి కనబడలేదు. ఊపిరి తీయాలన్న కోరికను పుట్టించేది ముఖ్యంగా సీఓటూయే, ఆక్సిజన్ కొరత కాదు. 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ అనే శాస్త్రవేత్తలు మనుషుల మీద చూపించిన సంగతి ఇది. రక్తంలోంచి సీఓటూ మెదడు చుట్టూ ఉన్న ద్రవంలోకి దిగి, అక్కడ ఆమ్లం పెంచి, మెదడు అడుగున ఊపిరిని నడిపే మెడుల్లాలోని కణాలను తడుతుంది. ఆక్సిజన్‌ను కనిపెట్టే కాపలా వేరే ఉంది, మెడలో, తలకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని చీలే చోట. కుక్కల మీద ప్రయోగాలతో దాని పాత్రను తేల్చినందుకే బెల్జియం శాస్త్రవేత్త కొర్నెయ్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. ధమనిలో ఆక్సిజన్ పీడనం 60 కిందికి పోతే తప్ప ఆ కాపలా గట్టిగా అరవదు. మా కుక్కకి నిండుగా ఆక్సిజన్ అందుతోంది, కాబట్టి అది నిద్రపోతోంది. సీఓటూ 27కి దించేశాం, కాబట్టి మెడుల్లాను తట్టేవాళ్ళూ లేరు. కుక్క చేత ఊపిరి మాన్పించింది మేమే. పైగా సీఓటూ అంత దిగితే మెదడు రక్తనాళాలు ముడుచుకుని రక్తం తగ్గుతుంది. ఇంకా దించి ఉంటే అదో కొత్త చేటు అయ్యేది.

పనిచేసింది

బ్యాగ్ నేను తీసుకున్నాను. గోడ గడియారం సెకన్ల ముల్లు చూస్తూ పది సెకన్లకొక్కసారి, నిమిషానికి ఆరు. ఒంటి గంటా ఇరవైకి మొదలుపెట్టాం. పూర్తిగా ఆపేసి చూడటం ఒక దారి. అలా చేయలేదు, విషం నిజంగానే మిగిలి ఉంటే నా ఆలోచన తప్పవుతుంది, అప్పుడు సీఓటూ అదుపు లేకుండా పెరిగిపోతుంది. నెమ్మదిగా పెరగనిచ్చి, 55 దాటినా ఊపిరి రాకపోతే మళ్ళీ వేగం పెంచి, విషమే అని ఒప్పుకోవాలని ముందే హద్దు పెట్టుకున్నాను. అసిస్టెంటుకి తక్కువసార్లు నొక్కడం చూస్తుంటే భయమేసింది. "మేడమ్, మరీ గ్యాప్ ఇస్తున్నారు" అన్నాడు. ఆక్సీమీటర్ 99 మీదే ఉంది.

31. 35. 38. 41 దగ్గర చాలాసేపు ఆగింది. 44కి వచ్చాక, నేను నొక్కిన రెండు గీతల మధ్య చిన్న దిబ్బలాంటిది కనిపించింది. గుండె కొట్టుకున్నప్పుడు కూడా అలాంటి అలలు వస్తాయి, అందుకని నమ్మలేదు. చెయ్యి తీసేసి ఎదురుచూశాను. పొట్ట లేచింది. దాంతోపాటు ఛాతీ కూడా లేచింది, పొద్దుటిలా లోపలికి పోలేదు. గీత ఎత్తు తక్కువైనా పైన కాస్త బల్లపరుపు ఉంది. సీఓటూ 46 మీద కుక్క తన ఊపిరి తాను తీసింది.

ఆ తర్వాత బ్యాగ్ దాని ఊపిరికి తోడుగా మాత్రమే నొక్కాం. నాలుగింటికి తోడు కూడా అక్కర్లేదు. నిమిషానికి 18, సీఓటూ 42. ఇదే 18 పొద్దున 24 నుంచి 14కి జారేటప్పుడు కూడా మధ్యలో కనిపించే ఉంటుంది. ఆ 18కి ఈ 18కి సంబంధం లేదు. ట్యూబ్ తీయడానికి తొందరపడలేదు. తల ఎత్తాలి, మింగాలి, సాయం లేకుండా అరగంట సీఓటూ 48 దాటకూడదు అని మూడు షరతులు పెట్టుకున్నాం. ఏడు దాటాక తీశాం. కాటు పుండుకు రోజూ కట్టు మార్చి, నాలుగో రోజు ఇంటికి పంపాం.

దీని తర్వాత మా దగ్గర మారినవి

కేస్ షీట్‌లో "శ్వాస" అన్న ఒక్క గడి తీసేసి మూడు చేశాను: ఎన్ని, ఎంత లోతు, సీఓటూ ఎంత. లోతు గడిలో దూది పోగు ఊగిందా, ఛాతీ పొట్ట కలిసి లేచాయా అని రాస్తాం. క్యాప్నోగ్రాఫ్ లేనివాళ్ళకి ఈ గడే ముఖ్యం, దూదికి ఖర్చేముంది. క్యాప్నోగ్రాఫ్ ఉన్నవాళ్ళు అంకె పక్కన గీత ఆకారం కూడా చేత్తో గీయాలి. ముక్కు దగ్గర పెట్టిన గొట్టం ఎక్కువ చూపిస్తే నమ్మొచ్చు, తక్కువ చూపిస్తే నమ్మకూడదు. ఎంత కలిసినా అంకె తగ్గుతుందే గానీ పెరగదు.

నరాల విషం, పక్షవాతం, మత్తుమందు ఎక్కువైన కేసుల్లో ఊపిరి తగ్గుతుంటే మొదట అలసట అనే అనుకుంటాం. తెలివి, మెడ బలం, లోతు మూడూ మెరుగైతేనే కోలుకుంటోందని ఒప్పుకుంటాం. మాస్కుతో ఆక్సిజన్ ఉన్నంతసేపు ఆక్సీమీటర్ అంకె పక్కన "ఆక్సిజన్ మీద" అని రాయడం తప్పనిసరి చేశాను.

బ్యాగ్ నొక్కేవాళ్ళకి గడియారం ఎదురుగా కుర్చీ వేశాం. ఆరు సెకన్లకొకటి, సీఓటూ 40 దగ్గర ఉండేలా. ఎంత కంగారున్నా నొక్కే మనిషి పక్కన ఇంకొకరు పైకి లెక్కపెట్టాలి. ఆ లెక్కపెట్టే పనికి కుక్క తాలూకు మనిషినే కూర్చోబెడుతున్నాను, వాళ్ళకంటే శ్రద్ధగా ఎవరూ లెక్కపెట్టరు.

సంక్రాంతి ముందు కాపలా ఆయన కట్టు మచ్చ చూపించడానికి కుక్కని తెచ్చాడు. కాలి మీద వెంట్రుకలు ఇంకా పూర్తిగా మొలవలేదు. బల్ల మీద పడుకోబెట్టి నేను ఊపిరి లెక్కపెడుతుంటే ఆయన దాని డొక్క మీద చెయ్యి వేసి, "రెండూ కలిసే లేస్తా ఉండాయమ్మా" అన్నాడు.